కందిచేను మీద అమెరికా దండయాత్ర

రెండు వందల ముప్ఫై ఏళ్ళ కిందట అమెరికా వాయవ్య సరిహద్దున జరిగిన యుద్ధంలో మన జిల్లాలో నష్టపోయినవాడు పమిడి నాసరయ్య ఒక్కడే. పోయింది ఎకరా డెబ్బై సెంట్ల కంది. ఇందులో వాదించడానికేమీ లేదు. దండయాత్ర ఏ రోజు మొదలైంది, ఏ కోట ఎక్కడ కట్టారు, ఎవరికెన్ని మార్కులు పడ్డాయి, అన్నీ యూనివర్సిటీ దగ్గర భద్రంగా ఉన్నాయి. నాసరయ్య దగ్గర మాత్రం కంది లేదు.

నాసరయ్యది ఎర్రవాగుపాలెం. ఊరి బడి ఐదో తరగతితో అయిపోయేది, ఆయన చదువూ దాంతోనే అయిపోయింది. భార్య కోటమ్మ పోయి నాలుగేళ్ళు. ఆమె ఉన్నప్పుడూ ఆయన తక్కువే మాట్లాడేవాడు. ఆయన వంతు కూడా ఆమే మాట్లాడేది. ఆమె పోయాక ఇంట్లో రెండు వంతులూ ఖాళీ. మాట తప్పినవాణ్ణి ఆయన క్షమించేవాడు కాదు, మరిచేవాడూ కాదు. అట్లా ఊళ్ళో సగం మంది ఆయన దృష్టిలో ఎప్పుడో చచ్చిపోయి, ఆ సంగతి తెలియక తిరుగుతున్నారు. పక్క చేను మస్తాన్‌వలి ఒక్కడే ఆయన్ని మామా అని పిలిచి, నాలుగు తిట్లు తిని, మర్నాడు మళ్ళీ గొర్రెలతో వచ్చేవాడు.

ఆ ఏడు కంది తలెత్తు పెరిగింది. కోటమ్మ పోయాక వరసగా మూడు పంటలు పురుగుకో వానకో పోయాయి. ఇది నిలిచింది. కాయ గట్టిపడుతోంది, ఇంకో ఇరవై రోజులకు కోత. ఆ కాపు ఇల్లు చేరాలి, ఆ చేను తన పేర ఉండాలి. నాసరయ్యకు లోకంతో ఇంకే పనీ లేదు. లోకానికే ఆయనతో పని పడింది.

యూనివర్సిటీలో ఆ ఏడాది కొత్త గాలి వీచింది. దాని పేరు అనుభవపూర్వక అభ్యసనం. రసాయనశాస్త్రానికి ల్యాబు ఉన్నప్పుడు చరిత్రకు ఎందుకు ఉండకూడదని ఒక పెద్దమనిషి ఒక సమావేశంలో టీ తాగుతూ అడిగాడు. టీ చల్లారేలోపు ఉత్తర్వు తయారైంది. "ఏ విద్యార్థియైనను ఒక చారిత్రక ఘటనను స్వయముగా అనుభవించనిదే దానిని ఎరిగినట్లు పరిగణింపబడడు" అని అందులో ఉంది. ప్రాక్టికల్‌కు నలభై మార్కులు.

ఏ కాలేజీ ఏ ఘటనను అనుభవించాలో చీటీలు వేసి పంచారు. ఫ్రెంచి విప్లవం వచ్చిన కాలేజీ ప్రిన్సిపాల్ ఆ సాయంత్రమే మెడ పట్టేసిందని సెలవు పెట్టాడు. పారిశ్రామిక విప్లవం వచ్చిన కాలేజీలో కరెంటు లేదు. ఆర్థిక మాంద్యం వచ్చిన కాలేజీకి మాత్రం ఏ ఏర్పాట్లూ అవసరం కాలేదు. పరిశీలకులు వెళ్ళి భవనాన్ని ఒకసారి చుట్టి చూసి, ఇంత సహజంగా ఎక్కడా చూడలేదని మెచ్చుకుని వచ్చారు.

ఎర్రవాగుపాలేనికి నాలుగు మైళ్ళ దూరంలో, మండల కేంద్రంలో ఉన్న డిగ్రీ కాలేజీకి అమెరికా చరిత్ర, రెండో యూనిట్ వచ్చింది. పాఠం చిన్నది. కొత్తగా పుట్టిన అమెరికా దేశం ఒక జనరల్‌ను ఒహాయో నది అవతలి అడవుల్లోకి పంపింది. ఆయన మహా జాగ్రత్తపరుడు. రోజూ పెందలాడే నడక ఆపి, చెట్లు కొట్టి, చుట్టూ గోడ కట్టుకుని గాని పడుకునేవాడు కాదు. దారి పొడుగునా కోటలు కట్టి ఒక్కోదాంట్లో కొందరిని కాపలా పెట్టాడు. చివరకు గాలివానకు కూలిన చెట్ల మధ్య ఒక గంట యుద్ధం చేసి గెలిచాడు. తర్వాత అక్కడి తెగల మొక్కజొన్న చేలు నాశనం చేశాడు. మరుసటి ఏడు సంధి రాయించుకుని వాళ్ళ నేల తీసుకున్నాడు. పుస్తకంలో రెండున్నర పేజీలు.

చరిత్ర శాఖ అధ్యక్షుడూ, ఇన్‌ఛార్జి ప్రిన్సిపాలూ డాక్టర్ తాడికొండ చక్రధరరావు. ఆయన డాక్టరేటు విజయనగరం నాటి గుర్రాల దాణా మీద. యుద్ధానికి అంత దగ్గరగా వెళ్ళినవాడు ఆ కాలేజీలో ఇంకొకడు లేడు కాబట్టి ఆయనే జనరల్ అయ్యాడు. ఫైనలియర్ పిల్లలు అరవై ముగ్గురు సైన్యం. నదికి ఎర్రవాగు ఉంది, నీళ్ళు లేకపోయినా. అడవి దగ్గరే చిక్కొచ్చింది. మనిషి నిలబడితే కనపడనంత పచ్చదనం చుట్టుపక్కల ఒక్క చోటే ఉంది. అది నాసరయ్య కందిచేను.

ఒక సోమవారం పొద్దున నాసరయ్య చేను మధ్య మంచె ఎక్కి వడిసెలతో పిట్టలు తోలుతున్నాడు. గట్టు మీద కాలేజీ బెంచీలు నడిచి వస్తున్నాయి. వాటి కింద పిల్లలున్నారు. ముందు చక్రధరరావు. పెళ్ళి బ్యాండువాళ్ళ దగ్గర అద్దెకు తెచ్చిన నీలం కోటు, భుజాల మీద బంగారు కుచ్చులు, తల మీద మూడు మూలల అట్ట టోపీ.

"ఎవురయ్యా మీరు? పెళ్ళి ఊళ్ళో. ఇటు కాదు" అన్నాడు నాసరయ్య.

"నమస్కారమండీ. మేము అమెరికా సైన్యం."

"అయితే?"

"మీ పొలమును సరిహద్దుగా గుర్తించడమైనది. నేటి నుండి మీరు స్థానిక తెగ."

"తెగేంది? ఉండేది నేనొక్కణ్ణే."

"జనసంఖ్య విషయంలో సిలబస్‌కు పట్టింపు లేదండీ."

నాసరయ్య మంచె దిగాడు. "నన్నడక్కుండా చేలో కాలు పెట్టబోకండి. కాయ రాల్తది."

చక్రధరరావు ముఖం వికసించింది. "అడగకూడదండీ! ఆనాడు ఆ జనరల్ ఎవరినీ అడగలేదు. ఈనాడు నేను అడిగితే చరిత్రను వక్రీకరించినవాణ్ణవుతాను." వెనక్కి తిరిగి ఒక అమ్మాయికి చెప్పాడు: "రాసుకో. స్థానికుల తొలి నిరసన. ఐదు మార్కులు."

మర్నాడు నాసరయ్య కాలేజీకి వెళ్ళి తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి ఇచ్చాడు. గుమాస్తా దాని మీద ముద్ర కొట్టి రికార్డు పుస్తకంలో అతికించాడు. లిఖితపూర్వక నిరసనకు వేరే మూడు మార్కులున్నాయట. పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. ఎస్సై ఉత్తర్వు చదివి, "ఇది పరీక్ష, పెద్దాయనా. పరీక్ష జరిగే చోట అల్లరి చేస్తే నేను నిన్నే లోపలెయ్యాలి" అన్నాడు. ఆ మాట కూడా ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు. పైఅధికారులకు మొర, రెండు మార్కులు.

కందిచేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిస్తే తొంభై గజాలు. దండయాత్రకు తొమ్మిది రోజులు గడువు. అందుకని సైన్యం రోజుకు పది గజాలు నడిచేది. పది గజాలు నడిచాక, ఎండ తిరగ్గానే ఆగి, కంది మొక్కలు పీకి చుట్టూ మోపులు పేర్చి, వాటికి బెంచీలు ఆనించి కోట కట్టేది. కట్టిన కోటలో ఏడుగురిని కాపలా ఉంచాలి. కాపలా ఉన్నవాళ్ళు పరీక్ష అయ్యేదాకా కోట దాటకూడదు; దాటితే గైర్‌హాజరు.

కోటల్లో పిల్లలు కూడా రైతుల బిడ్డలే. మూడో కోటలోంచి ఒక పిల్ల, "తాతా, రెండు గుక్కలు నీళ్ళియ్యవా? మాకు పీకాలని లేదు, పీక్కపోతే ఫెయిలు చేస్తారంట" అంది. నాసరయ్య కడవ తెచ్చి బెంచీ మీద పెట్టాడు. స్థానికుల సహకారం, నాలుగు మార్కులు.

"మామా, ఇదేం పంట?" అన్నాడు మస్తాన్‌వలి గట్టు మీద నిలబడి. "కంది ఏస్తే బెంచీలు మొలిచినయ్యే!"

"నోరు ముయ్యి."

"నా గొర్రెలు ఒక్క ఆకు తింటే కర్రుచ్చుకుని తరిమినావు. వీళ్ళని తరమలేవా?"

"గొర్రెలకు బుద్ధుంది. కొడితే పోతయ్."

తొమ్మిది రోజులకు తొమ్మిది కోటలు లేచాయి. తొమ్మిది ఏడులు అరవై మూడు. పదో రోజు పొద్దున యుద్ధానికి చేరుకున్న అమెరికా సైన్యం జనరల్ చక్రధరరావు ఒక్కడే.

ఆ రోజు యూనివర్సిటీ నుంచి పరిశీలకురాలు వచ్చింది. పేరు డాక్టర్ అంబుజాక్షి. చేతిలో స్టాప్‌వాచీ, మార్కుల పట్టిక. ఆమె మొదట అడిగింది కూలిన చెట్లు ఎక్కడని. గాలివాన రాలేదని చక్రధరరావు విన్నవించాడు. "వాతావరణ లోపమును నిర్వాహకులే పూరించవలెను" అని ఆమె పట్టికలో చదివింది. జనరల్ స్వహస్తాలతో ఇరవై సాళ్ళ కంది పడగొట్టాడు. మంచె చుట్టూ నిలిచి ఉన్న ఆఖరి కంది అదే.

నాసరయ్య మంచె మీద నుంచి అంతా చూశాడు. వడిసెలలో మట్టి ఉండ పెట్టాడు.

మొదటి ఉండ టోపీకి తగిలింది. రెండోది కుడి భుజం కుచ్చును ఊడగొట్టింది. మూడోది ఎక్కడ తగిలిందో రికార్డులో లేదు గాని, జనరల్ తొమ్మిదో కోటలోకి పరుగెత్తి బెంచీ కింద దూరాడు.

"నాలుగు నిమిషాల పది సెకన్లు. గంట జరగవలెను" అంది అంబుజాక్షి. "పైగా ఫలితం సిలబస్‌కు విరుద్ధంగా ఉంది. రీవాల్యుయేషన్."

రెండోసారి మూడు నిమిషాలు పట్టింది. మూడోసారి జనరల్ కోట దాటి బయటికే రాలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎవరి పక్షమో తెలియకుండా. మధ్యాహ్నానికి చక్రధరరావు తెల్ల రుమాలు ఊపుకుంటూ మంచె కిందికి వచ్చాడు.

"నాసరయ్యగారూ, పిల్లల భవిష్యత్తు. ఒక్కసారి ఓడిపోండి. వాగు దాకా పరుగెత్తితే చాలు."

"నా చేలో నేనెందుకు పరిగెత్తాల?"

"అరవై ముగ్గురండీ! మీరు గెలిస్తే ఒక్కరు కూడా పాసవరు."

"నువ్వు పడగొట్టినవి ఎన్ని సాళ్ళు?"

"ఇరవై."

"లేపు. అప్పుడు పరిగెత్తతా."

అంబుజాక్షి నిబంధనల పుస్తకం తిరగేసి దారి కనిపెట్టింది. విజయానికి కావలసింది ముప్ఫై ఐదు శాతం. జనరల్‌కు వచ్చింది సున్నా. కానీ ప్రశ్నపత్రం కఠినంగా ఉన్నప్పుడు అభ్యర్థులకు గ్రేస్ ఇవ్వవచ్చు. ఇక్కడ నాసరయ్య కఠినంగా ఉన్నాడు. కాబట్టి ముప్ఫై ఐదు శాతం గ్రేస్ కలిపి అమెరికా సైన్యం గెలిచినట్టు ప్రకటించి సంతకం చేసింది. తర్వాత చేనంతా ఒకసారి కలయజూసింది. "పంట ధ్వంసమును ప్రత్యేకంగా నిర్వహించనక్కరలేదు. కోటల నిర్మాణంలోనే సంపూర్ణమైనది. పదికి పది."

మరుసటి ఏడు చేయవలసిన సంధిని సెమిస్టరు గడువు వల్ల ఆ సాయంత్రమే పెట్టుకున్నారు. స్టాంపు కాగితం మీద తెలుగులో రాసి తెచ్చారు. నాసరయ్య కోట బెంచీ మీద కూర్చుని వేలు పెట్టి చదివాడు. అమెరికా సంయుక్త రాష్ట్రముల వారికి, ఎర్రవాగుపాలెం స్థానిక తెగ నాయకుడు, పమిడి వెంకటప్పయ్య కుమారుడు నాసరయ్య రాసి ఇచ్చిన సంధి పత్రమేమనగా, సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై రెండులోని ఎకరా డెబ్బై సెంట్ల భూమిని తమరు పుత్రపౌత్ర పారంపర్యంగా ఆచంద్రతారార్కం అనుభవించుకోగలవారు.

"సర్వే నంబరెందుకు?"

"యథార్థత కోసమండీ."

"ఇది ఉత్తిదే గదా?"

"పూర్తిగా ఉత్తిదే. అందుకనే నిజం స్టాంపు కాగితం వాడవలసి వచ్చింది."

"నేను సంతకం పెట్టకపోతే?"

"మార్చిలో మళ్ళీ రావాలి. సైన్యంతో సహా."

నాసరయ్య చేను వైపు చూశాడు. అక్కడ చూడ్డానికేమీ లేదు. కోతకు ఇంకా పదిరోజులుంది, కోయడానికి మొక్క లేదు. కానీ మార్చికి ముందు దున్నాలి.

"ఈ కాగితం ఫైలు దాటిపోదని మాటిస్తావా?"

"నా మాట నమ్మండి" అన్నాడు చక్రధరరావు, ఊడిన కుచ్చు జేబులో పెట్టుకుంటూ.

నాసరయ్య బళ్ళో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

కాగితం ఫైలు దాటలేదు. ఫైలే దాటింది. ప్రాక్టికల్ రికార్డులన్నీ ఆన్‌లైనులో ఎక్కించాలని ఉత్తర్వు. యూనివర్సిటీ కంప్యూటరుకు రెవెన్యూ కంప్యూటరుకు ఆ మధ్యే లంకె వేసి, మంత్రిగారు రిబ్బను కూడా కత్తిరించారు. స్టాంపు కాగితం, సర్వే నంబరు, ఇరుపక్షాల సంతకాలు ఉన్న పత్రం చూడగానే కంప్యూటరు తన ధర్మం తాను చేసింది.

తొలకరికి ముందు పంటల నమోదుకు వీఆర్వో ఫణికుమార్ వచ్చాడు. చేతిలో ట్యాబు. నాసరయ్య దుక్కి దున్నుతున్నాడు. ఫణికుమార్ ట్యాబును ఎండకు అడ్డం పెట్టి చూశాడు, తుడిచి చూశాడు, మళ్ళీ చూశాడు.

"పెద్దాయనా, ఈ చేను నువ్వెందుకు దున్నతన్నావ్?"

"నాది గాబట్టి."

"నీది కాదే. పట్టాదారు అమెరికా సంయుక్త రాష్ట్రములు అని ఉంది. తండ్రి పేరు కాడ నమోదు కాలేదు అని చూపిస్తంది."

నాసరయ్య నాగలి ఆపాడు. చక్రధరరావు ఆ క్షణంలో చచ్చిపోయాడు, నాలుగు మైళ్ళ దూరంలో క్లాసు చెబుతూనే.

"మార్చు" అన్నాడు నాసరయ్య.

"మార్చడానికి నా చేతిలో లేదు. సంధితో పోయిన భూమి సంధితోనే రావాల. పాత పట్టాదారు యుద్ధంలో గెల్చినట్టు యూనివర్సిటీ సర్టిఫికెట్ తేవాల."

"గెల్చినా గదా, మూడుసార్లు!"

"గ్రేసు కలిపినాక ఓడిపోయినావంట." ఫణికుమార్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "కానీ ఒక దారుంది. పాత సిలబస్‌లో ఇంకో యుద్ధం ఉండేది. ఇదే సరిహద్దు. ఈ జనరల్ కంటే మూడేళ్ళు ముందు ఇంకో జనరల్ పోయినాడు. వాడు కోటా కట్టలా, గోడా కట్టలా. తెల్లారేసరికి అక్కడోళ్ళు మీద పడి సైన్యాన్నంతా తరిమికొట్టినారు. ఆ పాఠం తర్వాత తీసేసినారు. అయితే పాత రెగ్యులేషనులో తప్పినోళ్ళకు ఇప్పటికీ సప్లిమెంటరీ ఉంది."

"ఎవురున్నారు అట్టా తప్పినోళ్ళు?"

ఫణికుమార్ ట్యాబు చంకలో పెట్టుకున్నాడు. "నేనున్నా. పదకొండేళ్ళ నుంచి ఆ ఒక్క పేపరు. డిగ్రీ లేక ప్రమోషన్ ఆగిపోయింది. కిళ్ళీకొట్టు రమణ, ఇన్సూరెన్సు సుబ్బరామయ్య కూడా ఉన్నారు. నువ్వు మమ్మల్ని కొడితే నీకు చేనొస్తది, మాకు డిగ్రీ వస్తది."

నాసరయ్య జీవితంలో ఒక గవర్నమెంటు ఉద్యోగి నోట విన్న మొదటి మంచిమాట అది.

సప్లిమెంటరీ జూన్‌లో జరిగింది. చరిత్ర ప్రకారం సైన్యం తెల్లవారుజామున నిద్రలో ఉండాలి. ముగ్గురు అభ్యర్థులు చాపలు తెచ్చుకుని దుక్కిలో పడుకున్నారు. అంబుజాక్షి గొడుగు కింద కుర్చీ వేసుకుంది. తూర్పు ఎర్రబడగానే ఆమె ఈల వేసింది. నాసరయ్య గట్టు అవతల నుంచి లేచాడు. చేతిలో ముల్లుగర్ర.

రమణ, సుబ్బరామయ్య రెండు అంగల్లో గట్టెక్కి పాసయ్యారు. ఫణికుమార్ చాప చుట్టుకోబోయి వెనకబడ్డాడు. మొదటి దెబ్బ పిక్క మీద పడింది.

"అబ్బా! చాలు పెద్దాయనా, పాసైపోయినా!"

"నీకైంది. నాకింకా కాలా."

ఫణికుమార్ వాగు దాటాడు, నాసరయ్య వెంటే దాటాడు. వాగు అవతలి తుమ్మల్లోంచి ఫణికుమార్ కేక వినపడింది. మస్తాన్‌వలి గొర్రెల్ని వదిలేసి గట్టు మీద గంతులేస్తున్నాడు: "మామా, ఎడమ పక్క! ఎడమ పక్క ఖాళీగా ఉండాది!" అంబుజాక్షి రాసుకుంది: "స్థానికుల ఉత్సాహం ప్రశంసనీయం. నలభైకి ముప్ఫై తొమ్మిది. అభ్యర్థి చెప్పులు యుద్ధరంగంలో వదలక చేతబట్టుకుని పరుగెత్తినందున ఒకటి తగ్గించడమైనది."

వారానికి విజయ ధ్రువపత్రం వచ్చింది, గుండ్రటి ముద్రతో. నాసరయ్య ఉతికిన పంచె కట్టుకుని, బస్సెక్కి, యూనివర్సిటీకి వెళ్ళాడు. రిజిస్ట్రారు ఆ కాగితాన్నీ సంధి కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాడు.

"అభినందనలు. కానీ తమరు విజయము పొందినది పదిహేడు వందల తొంభై ఒకటిలో. పరాజయము పొందినది పదిహేడు వందల తొంభై నాలుగులో."

"నేను గెలిచింది మొన్న సోమారం."

"అది క్యాలెండరు. ఇది చరిత్ర. ముందు గెలిచి పిదప ఓడినవారికి భూమి సంక్రమించదు. పిదప గెలిచి ముందు ఓడి ఉంటే పరిశీలించి ఉండేవాళ్ళం."

"తర్వాతెప్పుడన్నా గెలిచినారా, ఆ తెగలోళ్ళు?"

రిజిస్ట్రారు పుస్తకం తిరగేశాడు. ఆఖరు దాకా తిరగేశాడు. "సిలబస్‌లో లేదు" అన్నాడు, కొంచెం మెత్తగానే.

నాసరయ్య తిరిగి వచ్చి, పంచె మార్చుకుని, చేలో కంది విత్తాడు. అమెరికా వాళ్ళ చేలో విత్తుతున్నావని ఫణికుమార్ చెప్పడానికి వచ్చాడు గాని, పిక్క ఇంకా నొప్పిగా ఉండటం వల్ల గట్టు మీద నుంచే వెళ్ళిపోయాడు.

విత్తనం మొలిచిన వారానికి యూనివర్సిటీలో ఇంకో పెద్దమనిషి ఇంకో టీ తాగాడు. చరిత్రను గెలిచినవాళ్ళే రాస్తున్నారనీ, ఓడినవాళ్ళ గొంతు వినపడటం లేదనీ ఆయనకు బాధ కలిగింది. ఉత్తర్వు వచ్చింది: ప్రతి యుద్ధం ప్రాక్టికల్‌కూ ఓడిన పక్షం వారి మౌఖిక సాక్ష్యము జతపరచవలెను. జతపరచనిదే ప్రాక్టికల్ అసంపూర్ణము. అసంపూర్ణ ప్రాక్టికల్‌కు చెందిన పత్రములు ఏవియు చెల్లవు. సాక్ష్యము అందు వరకు పూర్వస్థితి కొనసాగును. ఉత్తర్వు గడిచిన విద్యా సంవత్సరం నుంచే అమలు.

కంప్యూటరు మళ్ళీ తన ధర్మం తాను చేసింది. ఫణికుమార్ ట్యాబులో పమిడి నాసరయ్య పేరు లేచి వచ్చింది, పక్కన ఎర్ర అక్షరాలతో: సాక్ష్యము అందు వరకు.

ఈ సంగతి ఫణికుమార్ వచ్చి చెప్పాడు. డిగ్రీ వచ్చిందన్న కృతజ్ఞతో, ముల్లుగర్ర కంటపడ్డ భయమో. "నువ్వు మాట్లాడినావంటే పని పూర్తయిపోద్ది పెద్దాయనా. పూర్తయితే చేను పోద్ది. ఇంక నీ ఇష్టం."

ఆ మధ్యాహ్నమే వాళ్ళు వచ్చారు. చక్రధరరావు, అంబుజాక్షి, రికార్డర్లు పట్టుకున్న అరవై ముగ్గురు. నాసరయ్య సాళ్ళ మధ్య కూర్చుని కలుపు తీస్తున్నాడు.

"నాసరయ్యగారూ, మీ గొంతు ప్రపంచానికి వినిపించే రోజు వచ్చింది" అన్నాడు చక్రధరరావు. "ఎట్లా ఓడిపోయారు, ఏం పోగొట్టుకున్నారు, మీ మనసులో ఏముంది, ఏదైనా చెప్పండి. తిట్టండి, పోనీ! తిట్లకు కూడా మార్కులున్నాయి."

నాసరయ్య ఒక గరికపోచ పీకాడు.

"మాట్లాడను అన్నా చాలు. నిరాకరణ కింద రాసుకుంటాం."

ఇంకో పోచ పీకాడు.

"తల ఊపినా సరిపోవును" అంది అంబుజాక్షి. "శరీర భాషకు రెండు మార్కులు."

నాసరయ్య తల కదల్లేదు. మెడ మీద ఈగ వాలింది. దాన్ని కూడా తోలుకోలేదు. నిరుడు ఈ మనుషుల ముందు ఆయన అన్న ప్రతి మాటకూ ఎవరికో మార్కులు పడ్డాయి. మూడో కోట పిల్ల రికార్డరు ఆపేసి, గట్టు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పొద్దు వాలేదాకా చూసి మిగతావాళ్ళూ లేచారు. ఒకరి నోటిమాటకు గ్రేస్ కలిపే నిబంధన పుస్తకంలో ఎక్కడా లేదు. అంబుజాక్షి రెండుసార్లు వెతికింది.

అరవై ముగ్గురి మెమోలు ఆగిపోయాయి. మెమో ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మన జిల్లాలో ఉద్యోగాల విషయంలో తేడా లేదు కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు. చక్రధరరావు ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు యాపిల్ పండ్లు పట్టుకుని వస్తాడు. నాసరయ్య పండ్ల వైపూ చూడడు, చచ్చినవాడి వైపూ చూడడు.

ఆ ఏడు కంది ఇల్లు చేరింది. కొట్టి, తూర్పారబట్టి, బస్తాలకెత్తిన రోజున మస్తాన్‌వలి పక్కన చతికిలబడ్డాడు.

"మామా, ఇక్కడ మనిద్దరమే. రికార్డరు లేదు, మార్కుల్లేవు. నాకన్నా చెప్పు. అంతమంది మీద పడితే నీకెట్టా అనిపించింది?"

నాసరయ్య బస్తా మూతి కుట్టడం పూర్తి చేసి, దారం పళ్ళతో కొరికాడు.

"నీతోనూ చెప్పను. వల్లకాట్లో కోటమ్మ అడిగినా చెప్పను. బస్తా అటుపక్క పట్టు."

మస్తాన్‌వలి పట్టాడు. ఇద్దరూ లేపి బండికెత్తారు. ఆ తర్వాత ఆ యుద్ధం ఊసు నాసరయ్య ఎన్నడూ ఎత్తలేదు.